రాళ్ళ మధ్య హద్దును చదవడం: భూవిజ్ఞానం మొదలుపెట్టే విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

భూమి దేనితో తయారైంది, దాని పైనా లోపలా ఏ ప్రక్రియలు నడుస్తున్నాయి అని అడిగేది భౌతిక భూవిజ్ఞానం. ఆ ప్రక్రియలు ఏ వరుసలో, ఎంత కాలం కిందట జరిగాయని అడిగేది చారిత్రక భూవిజ్ఞానం. డిగ్రీ మొదటి ఏడాదిలో మొదటిదాన్ని ఖనిజాల పట్టికగా, రెండోదాన్ని యుగాల పట్టికగా బట్టీ పట్టే విద్యార్థులే ఎక్కువ. పరీక్ష గట్టెక్కడానికి అది సరిపోతుందేమో గాని, ఒక కొండ ముందు నిలబడినప్పుడు ఆ రెండు పట్టికలూ ఎందుకూ కొరగావు. రాయి పేరు చెప్పడం కన్నా, ఆ రాయి పక్క రాయిని ఎలా తాకుతోందో చెప్పగలగడం ముఖ్యమని నా అభిప్రాయం. చరిత్ర అంతా ఆ హద్దు దగ్గరే నమోదై ఉంటుంది.

ఈ మార్గదర్శిలో ప్రధాన ఉదాహరణగా తిరుమల కొండను తీసుకుంటున్నాను. తిరుపతి నుంచి తిరుమలకు వెళ్ళే ఘాట్ రోడ్డు పొడవునా కనిపించే ఒక హద్దును జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. దాని పేరు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ. అన్‌కన్ఫార్మిటీ అంటే మధ్యలో కొంత కాలపు రికార్డు లోపించిన రాళ్ళ హద్దు. అక్కడికి చేరేలోపు మూడు మెట్లు ఎక్కాలి.

బయలుదేరే ముందు

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఉక్కు చాకు, పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చిన్న చుక్కల సీసా, వాలును కొలిచే క్లినోమీటర్ ఉన్న దిక్సూచి, పెన్సిలు, గీతల్లేని నోటుపుస్తకం ఉంటే మొదటి ఏడాదికి చాలు. సుత్తి కూడా కొనాలని అందరూ అంటారు గాని, అది రెండో ఏడాది వస్తువు. చూడడం నేర్వక ముందే పగలగొట్టడం అలవాటైతే మంచిది కాదు. పైగా జాతీయ స్మారకాల వద్ద, రిజర్వు అడవుల్లో రాయిని కొట్టకూడదు. మీ జిల్లా భూవైజ్ఞానిక పటాన్ని జియలాజికల్ సర్వే వారి భూకోశ్ వెబ్‌సైటులో ముందే చూసుకోండి. అయితే పటంలోని పేర్లను జవాబులుగా కాకుండా, పరీక్షించవలసిన ప్రతిపాదనలుగా తీసుకోండి.

మొదటి మెట్టు: రాయిలోని గింజను గుర్తించడం

హైదరాబాదులోనో అనంతపురంలోనో దొరికే గ్రానైట్ ముక్కను కొత్తగా విరిగిన వైపు తిప్పి, ఎండలో అటూ ఇటూ వంచుతూ చూడండి. కొన్ని గింజలు చదునైన తలాల మీద ఒక్కసారిగా మెరిసి ఆరిపోతాయి. అవి ఫెల్డ్‌స్పార్ గింజలు. వాటికి నిర్ణీత దిశల్లో విరిగే గుణం ఉంటుంది కనుకనే ఆ చదునైన తలాలు ఏర్పడతాయి. వాటి మధ్య గాజు పెంకులా, ఏ తలమూ లేకుండా, కొద్దిగా బూడిద రంగులో కనిపించేది క్వార్ట్జ్, అంటే మన పలుగురాయి. చాకు మొనకు పొరలుగా ఊడివచ్చే నల్లని రేకులు అభ్రకం. గ్రానైట్‌కు గులాబీ రంగు వచ్చేది సాధారణంగా పొటాషియం ఫెల్డ్‌స్పార్ వల్ల.

గట్టిదనాన్ని పరీక్షించడానికి ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన పది మెట్ల కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. బలపం రాయి 1, కాల్సైట్ 3, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7, వజ్రం 10. గోరు సుమారు 2.5 దగ్గర, ఉక్కు చాకు సుమారు 5.5 దగ్గర వస్తాయి. చాకుతో గీత పడితే అది క్వార్ట్జ్ కాదని ఒక్క క్షణంలో తేలిపోతుంది. తెల్లగా కనిపించే కాల్సైట్‌నూ పలుగురాయినీ విడదీయడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ బుసబుస పొంగుతుంది, క్వార్ట్జ్ కదలదు. బేతంచర్ల నాపరాయి మీదా తాండూరు బండల మీదా నిమ్మరసం పడితే మచ్చ మిగిలేది కూడా అవి సున్నపురాయి కావడం వల్లనే.

రెండో మెట్టు: గింజలు ఎలా కలిసి ఉన్నాయో చూడడం

శిలలు మూడు రకాలని బడిలోనే చదువుకున్నాం. ఆ మూడింటినీ విడదీసేది రంగు కాదు, గింజల అమరిక. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, మధ్యలో ఖాళీ లేకుండా పెనవేసుకున్న స్ఫటికాలు అగ్నిశిలకు గుర్తు. అవి కంటికి కనిపించేంత పెద్దవైతే, కరిగిన శిలాద్రవం భూమి లోతున మెల్లగా చల్లారిందని అర్థం. గ్రానైట్ అలా పుట్టింది. గింజలు కంటికి ఆనకపోతే అది ఉపరితలం మీదో దాని దగ్గరో త్వరగా చల్లారింది. వికారాబాదు, ఆదిలాబాదు వైపు కనిపించే బసాల్ట్ ఇటువంటిది. అరిగి గుండ్రబడ్డ గింజలు మరో పదార్థంతో అతుక్కుని ఉంటే అది అవక్షేప శిల. గింజలన్నీ ఒకే దిశకు తిరిగి పొరలుగా సాగి ఉన్నా, వేడికీ ఒత్తిడికీ మాత్రమే పుట్టే ఖనిజాలు కనిపించినా అది రూపాంతర శిల.

రూపాంతర శిలకు విశాఖపట్నం కైలాసగిరి మీది ఖోండలైట్ మంచి నమూనా. ఒకప్పుడు బంకమట్టి పాలు ఎక్కువగా ఉన్న అవక్షేపమైన ఆ రాయి, తూర్పు కనుమలు పుట్టినప్పుడు తీవ్రమైన వేడికి లోనై, గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలను తనలో పెంచుకుంది. ఆ కొండలు అరిగి సముద్రానికి చేరడం వల్లనే భీమిలి తీరంలో అలలు వెనక్కి వెళ్ళినప్పుడు ఇసుక మీద ఎర్రని గార్నెట్ చారలు మిగులుతాయి.

మూడో మెట్టు: పొరల వాలు, పొరల తలకిందులు

డెన్మార్క్‌కు చెందిన నికొలస్ స్టెనో ఇటలీలో పనిచేస్తూ 1669లో మూడు సూత్రాలు ప్రకటించాడు. అవక్షేపం మొదట దాదాపు సమతలంగా పరుచుకుంటుంది. కదిలించకపోతే కింది పొర పాతది, పై పొర కొత్తది (దీన్నే అధ్యారోపణ సూత్రం అంటారు). ఒక పొర అడ్డు తగిలే దాకా పక్కలకు కొనసాగుతుంది. కడప బేసిన్‌లో, అంటే పూర్వం అవక్షేపాలు చేరిన కడప ప్రాంతపు పల్లంలో, పడమటి అంచున పొరలు తూర్పుకు కొద్దిగా మాత్రమే వాలి ఉంటాయి. అక్కడ స్టెనో సూత్రాలను కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు. తూర్పున నల్లమలలో అవే కడప శిలాసమూహానికి చెందిన పొరలు ముడుతలు పడ్డాయి. అక్కడ పైనున్నది కొత్తది అని తొందరపడి రాస్తే వరుస మొత్తం తలకిందులు కావచ్చు.

అందుకే ప్రతి పొరలోనూ ఏది పై వైపో చెప్పే గుర్తును వెతకాలి. ఇసుకరాయిలోని వాలు పొరలు అడుగున మెల్లగా వంగి కలిసిపోతాయి, పైన కోసుకుపోయినట్టు తెగి ఉంటాయి. బురద ఎండి పగిలిన నెర్రెలు కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి. నీటి అలలు ఇసుక మీద వదిలిన మడతల మొనలు పైకి చూస్తాయి. ఈ గుర్తుల్లో ఏదో ఒకటి దొరికే దాకా వరుస రాయకండి.

వాలును కొలిచేటప్పుడు రెండు అంకెలు రాసుకోవాలి. పొర తలం మీద సమతలంగా గీసిన గీత ఏ దిక్కుకు చూస్తోందో అది స్ట్రైక్. దానికి లంబంగా పొర ఎన్ని డిగ్రీలు కిందికి దిగుతోందో అది డిప్. ఏ దిక్కుకు దిగుతోందో రాయకుండా డిప్ అంకె ఒక్కటే రాస్తే ఆ కొలతతో పని జరగదు.

నాలుగో మెట్టు: హద్దును విచారించడం

ఇప్పుడు తిరుమలకు వద్దాం. ఘాట్ రోడ్డు మీద బండి ఆపి పరిశీలించే వీలుండదు కనుక, మొదట తిరుపతి ఊరి నుంచే కొండను నింపాదిగా చూడండి. కింది భాగం ఏటవాలుగా, చెట్టూ చేమా గుండ్రాళ్ళూ కలిసి ఉంటుంది. దాని పైన నిట్టనిలువు గోడ లేస్తుంది. కింది వాలు గ్రానైట్‌ది, చారలు కట్టిన రూపాంతర శిల అయిన నైస్‌ది. పై గోడ నగరి క్వార్ట్‌జైట్‌ది, అంటే ఇసుకరాయి గట్టిపడి దాదాపు అంతా క్వార్ట్జ్‌గా మిగిలిన రాయి. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ వాననీటికి మెత్తని బంకమన్నుగా మారిపోతుంది గాని క్వార్ట్జ్ మారదు. అందుకే కిందిది వాలుగా అరిగింది, పైది గోడలా నిలిచింది. శ్రీవారి ఆలయానికి సమీపంలోని శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైట్‌లో ప్రకృతి చెక్కినదే.

ఈ రెండు రాళ్ళు కలిసే గీత దగ్గర విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది, దాన్ని చాలామంది వేసుకోరు. గ్రానైట్ కింద ఉంది కనుక పాతది అనేస్తారు. కాని అధ్యారోపణ సూత్రం వర్తించేది పరుచుకున్న పొరలకు మాత్రమే. గ్రానైట్ పరుచుకోలేదు, లోతు నుంచి పైకి చొచ్చుకొచ్చిన ద్రవం గడ్డకట్టి ఏర్పడింది. క్వార్ట్‌జైట్ ముందే అక్కడ ఉండి, తరవాత గ్రానైట్ దాని కిందికి దూరి ఉండవచ్చు కదా? కింద ఉన్నంత మాత్రాన పాతదని చెప్పలేం. కాబట్టి రెండు ప్రతిపాదనలనూ పక్కపక్కన పెట్టి సాక్ష్యాలు వెతకాలి.

గ్రానైట్ తరవాత చొచ్చుకొచ్చినదైతే హద్దుకు పైనున్న రాయి కాలి ఉండాలి, అంటే హద్దు దగ్గరకు వచ్చేకొద్దీ దాని ఖనిజాలు మారాలి. గ్రానైట్ నుంచి సన్నని ఈనెలు పైరాయిలోకి ఎక్కి ఉండాలి. పైరాయి తునకలు గ్రానైట్‌లో చిక్కుకుని కనిపించాలి. హద్దు దగ్గర త్వరగా చల్లారినందువల్ల గ్రానైట్ గింజలు అక్కడ సన్నబడి ఉండాలి. గ్రానైట్ ముందే ఉండి, అరిగిపోయి, దాని మీద ఇసుక పరుచుకున్నదైతే సాక్ష్యాలు మరో రకంగా ఉంటాయి. గ్రానైట్ పై అంచు అప్పటి గాలికీ నీటికీ కుళ్ళి మెత్తబడి ఉండవచ్చు. పైరాయి అడుగు పొరలో గులకరాళ్ళు, పలుగురాళ్ళ ముక్కలు చేరి ఉండవచ్చు. గ్రానైట్‌ను కోసిన డాలరైట్ డైక్, అంటే పగులులోకి ఎక్కి గోడలా గడ్డకట్టిన నల్లని అగ్నిశిల, ఏదైనా ఉంటే అది హద్దు దాకా వచ్చి అక్కడే తెగిపోవాలి, పైరాయిలోకి పోకూడదు. హద్దు గీత కింది నైస్ శిలల వాలును లెక్కచేయకుండా, వాటిని అడ్డంగా కోస్తూ సాగిపోవాలి.

కడప బేసిన్ అంచుల వెంట కనిపించేవి ఈ రెండో రకం సాక్ష్యాలే. పడమటి అంచున గ్రానైట్, నైస్ శిలల మీద కూర్చున్న గుల్చెరు క్వార్ట్‌జైట్ అడుగున గులకరాళ్ళతో కూడిన కాంగ్లామరేట్ పొర ఉంటుంది. తెలంగాణ, రాయలసీమ మైదానాల్లో నల్లని గుండ్ల వరుసలుగా కిలోమీటర్ల కొద్దీ సాగే డైకులు మీకు పరిచయమయ్యే ఉంటాయి. వాటిలో ఒకటి అవక్షేపాల దాకా వచ్చి తెగిపోయిన చోటు దొరికితే ఒక మధ్యాహ్నం దాని దగ్గరే గడపండి.

దీని అర్థం ఎంత పెద్దదో ఆలోచించండి. గ్రానైట్ స్ఫటికాలు ఆ పరిమాణానికి పెరగాలంటే కిలోమీటర్ల లోతున చల్లారాలి. ఆ గ్రానైట్ మీద నేరుగా ఇసుక పరుచుకుందంటే, అంతకు ముందే దాని పైనున్న రాయి అంతా అరిగి కొట్టుకుపోయి, గ్రానైట్ నేల మీదికి వచ్చి ఉండాలి. ఏడాదికి మిల్లీమీటరులో యాభయ్యో వంతు చొప్పున అరిగిందని ఊహిస్తే, 10 కిలోమీటర్ల మందం పోవడానికి 50 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇది కేవలం ఊహ మీద కట్టిన లెక్క. అయినా తిరుమల దగ్గర ఆ రెండు రాళ్ళ మధ్య లోపించిన కాలం సుమారు 50 కోట్ల ఏళ్ళని జియలాజికల్ సర్వే చెబుతోంది. చేతి మందం కూడా లేని ఆ గీతలో, డైనోసార్లు అంతరించిన నాటి నుంచి నేటి వరకు గడిచిన కాలానికి ఏడు రెట్లకు పైగా దాగి ఉంది.

ఇటువంటి హద్దు ప్రాముఖ్యాన్ని లోకానికి చూపినవాడు జేమ్స్ హటన్. 1788లో జాన్ ప్లేఫెయిర్, జేమ్స్ హాల్‌లతో కలిసి పడవలో వెళ్ళి, స్కాట్లండ్ తూర్పు తీరంలోని సికార్ పాయింట్ దగ్గర దాదాపు నిలువుగా నిలిచిన పాత పొరల మీద కొద్దిగా మాత్రమే వాలిన ఎర్ర ఇసుకరాయి పొరలను చూపించాడు. అక్కడ కింద ఉన్నవీ పైన ఉన్నవీ అవక్షేపాలే. మధ్యలో అవి వంగి, పైకి లేచి, అరిగాయి. దాన్ని కోణీయ అన్‌కన్ఫార్మిటీ అంటారు. తిరుమలలో లాగా అగ్నిశిల లేదా రూపాంతర శిల మీద అవక్షేపం కూర్చుంటే అది నాన్‌కన్ఫార్మిటీ. పొరలు సమాంతరంగానే ఉండి మధ్యలో కాలం మాత్రం లోపిస్తే డిస్‌కన్ఫార్మిటీ. ఈ మూడోదే గుర్తించడం కష్టం, కంటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

అయిదో మెట్టు: సంఘటనల వరుస రాయడం

నోటుపుస్తకంలో కింది నుంచి పైకి, పాతది మొదలు కొత్తది దాకా, సంఘటనలను రాయండి. రాళ్ళను కాదు, సంఘటనలను. "గ్రానైట్, డైక్, క్వార్ట్‌జైట్" అని రాస్తే సగం చరిత్ర పోతుంది. శిలాద్రవం లోతున చల్లారింది. పగుళ్ళలోకి డాలరైట్ ఎక్కింది. నేల పైకి లేచి చాలాకాలం అరిగింది. నీరు వచ్చి ఇసుక పరిచింది. ఆ ఇసుక పూడిపోయి గట్టిపడింది. మళ్ళీ పైకి లేచింది. ఇప్పుడు వాగులు దాన్ని కోస్తున్నాయి. వీటిలో అరిగిన కాలానికి రాయి లేదు, అయినా దానికొక పంక్తి కేటాయించాలి.

వరుస తేల్చడానికి ఇంకో రెండు సూత్రాలు చాలు. కోసేది కోయబడినదాని కన్నా కొత్తది. ఒక రాయిలో చిక్కుకున్న ముక్క ఆ రాయి కన్నా పాతది. రెండో సూత్రానికి మన దగ్గర వజ్రమే ఉదాహరణగా దొరుకుతుంది. కర్నూలు శిలాసమూహానికి అడుగున ఉండే బనగానపల్లె కాంగ్లామరేట్‌లో వజ్రాలు దొరికాయి. వజ్రం ఆ గులకరాళ్ళ మధ్య పుట్టలేదు. భూమి లోతున పుట్టి, కింబర్లైట్ వంటి శిలలతో పైకి వచ్చి, అవి అరిగిన తరవాత వాగుల వెంట అక్కడికి చేరింది. కాబట్టి వజ్రాన్ని మోసుకొచ్చిన శిల ఆ కాంగ్లామరేట్ కన్నా పాతదై ఉండాలి. వజ్రకరూరు కింబర్లైట్ల వయసు సుమారు 110 కోట్ల ఏళ్ళు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వెతికేవారిది ఈ ప్రయాణంలో ఇంకా తరవాతి మజిలీ.

మొదటి సూత్రానికి పులివెందుల వైపు వెళ్ళాలి. అక్కడ వేంపల్లె డోలమైట్ (సున్నపురాయిని పోలిన అవక్షేప శిల) పొరల మధ్యకు డాలరైట్ సిల్ దూరింది. సిల్ అంటే పొరలకు సమాంతరంగా చొచ్చుకుపోయిన అగ్నిశిల. పైపైన చూస్తే అదీ ఒక పొరలాగే ఉంటుంది. లావా ప్రవాహమా, సిల్లా అని తేల్చేది దాని పై అంచు. లావా అయితే కింది రాయిని మాత్రమే కాలుస్తుంది, సిల్ కింద, పైన రెండు వైపులా కాలుస్తుంది. ఆ ప్రాంతపు ఆస్‌బెస్టాస్ డోలమైట్, డాలరైట్ హద్దు దగ్గర కలిగిన మార్పుల వల్లనే ఏర్పడింది.

ఆరో మెట్టు: శిలాజాల సాక్ష్యం

ఇంగ్లండులో కాలువలు తవ్వించిన సర్వేయర్ విలియం స్మిత్, ప్రతి పొరకూ దానికే ప్రత్యేకమైన శిలాజాలుంటాయని గమనించి, వాటి ఆధారంగా 1815లో ఇంగ్లండు, వేల్స్‌ల భూవైజ్ఞానిక పటం ప్రచురించాడు. దూరదూరంగా ఉన్న రాళ్ళను ఒకే కాలానికి చెందినవని కలపడానికి నేటికీ అదే పద్ధతి.

కడప శిలల్లో ఈ పద్ధతి పారదు. గవ్వలూ ఎముకలూ ఉన్న జీవులు పుట్టక ముందే అవి పరుచుకున్నాయి. వేంపల్లె డోలమైట్‌లో సూక్ష్మజీవుల పొరలు కట్టిన గుమ్మటాల వంటి స్ట్రొమటోలైట్లు మాత్రం కనిపిస్తాయి. శిలాజాలు చూడాలంటే గోదావరి లోయకు పోవాలి. అక్కడి బొగ్గు పొరల వెంట దొరికే గ్లోసోప్టెరిస్ ఆకులు పెర్మియన్ కాలానివి. అవే ఆకులు దక్షిణ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ ఆస్ట్రేలియాలోనూ అంటార్కిటికాలోనూ దొరకడం, ఆ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానాగా కలిసి ఉండేవనడానికి ముఖ్య సాక్ష్యాల్లో ఒకటి. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట ఫార్మేషన్‌లో యామన్‌పల్లి దగ్గర దొరికిన జురాసిక్ డైనోసార్‌కు 1988లో కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడవచ్చు.

కర్నూలు సున్నపురాళ్ళకూ గోదావరి బొగ్గుకూ మధ్య మన నేల మీద కోట్ల ఏళ్ళ రికార్డు లేదు. కాలమాన పట్టికను గోడకు అతికించుకుని, మీ ప్రాంతంలో రాళ్ళున్న కాలాలకు రంగు వేసి, లేనివాటిని ఖాళీగా వదలండి. ఖాళీలే ఎక్కువగా కనిపిస్తాయి.

ఏడో మెట్టు: వరుసకు అంకెలు జోడించడం

వరుస తేలాకే అంకెలు. యురేనియం 238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్ళు, యురేనియం 235లో సగానికి 70 కోట్ల ఏళ్ళు పడుతుంది. జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు చేర్చుకోదు. కనుక ఇప్పుడు అందులో ఉన్న సీసం దాదాపు అంతా తరవాత పుట్టినదే. రెండు గడియారాలూ ఒకే సమయం చూపితే ఆ వయసును నమ్మవచ్చు. ఈ పద్ధతుల తొలి రూపాలతో ఆర్థర్ హోమ్స్ శిలల వయసులు లెక్కించాడు. ఉల్కల్లోని సీసం ఆధారంగా క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. రేడియోకార్బన్ ఇక్కడ పనికిరాదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్ళే కనుక సుమారు 50 వేల ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు.

విద్యార్థులు తరచుగా జారే చోటు ఇదే. గ్రానైట్‌లోని జిర్కాన్ గ్రానైట్ వయసు చెబుతుంది. ఇసుకరాయిలోని జిర్కాన్ ఇసుకరాయి వయసు చెప్పదు, ఆ ఇసుక ఏ కొండ నుంచి వచ్చిందో దాని వయసు చెబుతుంది. అవక్షేపం తన జిర్కాన్ గింజలన్నిటి కన్నా కొత్తదని మాత్రమే దాన్నిబట్టి తెలుస్తుంది. రెండో వైపు హద్దు కావాలంటే దాన్ని కోసిన అగ్నిశిల కావాలి. పులివెందుల సిల్ వయసు సుమారు 189 కోట్ల ఏళ్ళని తేలింది కనుక, అది చొచ్చుకుపోయిన పొరలు అంతకన్నా పాతవి. అవక్షేపాల వయసు సాధారణంగా ఇలా రెండు అంకెల మధ్యనే ఉంటుంది. ఒక్క అంకెగా ఎవరైనా చెబితే ఏ ఖనిజాన్ని కొలిచారని అడగండి.

సొంతంగా చేయవలసిన అభ్యాసం

రాజమహేంద్రవరం దగ్గరి కాతేరు, గోదావరికి అవతల పంగిడి క్వారీలు దీనికి అనువైన చోట్లు. అనుమతి తీసుకుని, వర్షాకాలం కాని రోజుల్లో, కూలే అంచులకు దూరంగా నిలబడి చూడండి. రెండు లావా ప్రవాహాల మధ్య సున్నపురాయి పొర ఉంటుంది, అందులో గవ్వల శిలాజాలుంటాయి. ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి వందల కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన దక్కన్ లావాయేనని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళ చుట్టూ ఉంది.

ఒక కాగితం మీద క్వారీ గోడను కొలతతో గీసి, కింది ప్రశ్నలకు సాక్ష్యం చూపుతూ జవాబు రాయండి. పై బసాల్ట్ లావా ప్రవాహమా, సిల్లా? సున్నపురాయి పై అంచు కాలిందా? కింది ప్రవాహం పై అంచున ఎర్రబారిన పాత నేల, గాలిబుడగల గుంటలు ఉన్నాయా? ఉంటే రెండు ప్రవాహాల మధ్య ఎంతో కొంత విరామం ఉందనేగా! గవ్వలు ఉప్పునీటివా, మంచినీటివా, రెండూ కలిసే చోటివా? ఈ వరుసకు పైన పరుచుకున్న రాజమహేంద్రవరం ఇసుకరాయి అడుగున బసాల్ట్ గులకలు దొరుకుతాయా? దొరక్కపోతే ఆ హద్దు ఏ రకానిదో నిరూపించడానికి ఇంకేం వెతకాలి? చివరి ప్రశ్నకు వెంటనే జవాబు రాకపోతే నాలుగో మెట్టులోని రెండు ప్రతిపాదనలను ముందు పెట్టుకుని, ఆ క్వారీ గోడ దగ్గరకు మళ్ళీ వెళ్ళండి.